ఎడిటోరియల్ అంటే ఏంటి, సరిగ్గా రాయడం ఎలా: మాట అర్థం నుంచి చివరి ప్రూఫ్ దాకా

"అన్నా, కాలేజీ మ్యాగజైన్‌కి ఎడిటోరియల్ రాయమన్నారు, ఏం రాయాలి?" అని ఒకళ్లు, "మా అసోసియేషన్ పత్రికకి సంపాదకీయం కావాలి, ఒక పేజీ చాలు" అని ఇంకొకళ్లు, గ్రూప్-1కి ప్రిపేర్ అయ్యేవాళ్లేమో "రోజూ ఎడిటోరియల్స్ చదవమంటున్నారు, అసలు పేపర్లో ఏది ఎడిటోరియల్?" అని. విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకచోట పెడుతున్నా. నేను కొన్నేళ్లు పత్రికల్లో వార్తలు దిద్దే డెస్క్‌లో పనిచేశా, ఇప్పుడు చిన్న పత్రికలకి ఎడిటింగ్ చేసి పెడుతుంటా, కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ ఎర్ర పెన్నుతో కొట్టించుకుని నేర్చుకున్నవే.

1. ముందు ఆ మాట ఎక్కడ వాడాలో తేల్చుకోండి

ఎడిటోరియల్ అనే మాటకి మన దగ్గర కనీసం నాలుగు వాడకాలున్నాయి, నాలుగూ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం.

మొదటిది అసలుది. ఏదో ఒక విషయం మీద పత్రిక తన అభిప్రాయం చెప్పే వ్యాసం. తెలుగులో సంపాదకీయం, పాతకాలం వాళ్లు అగ్రలేఖ అనేవాళ్లు. దీని కింద రాసినవాళ్ల పేరు ఉండదు, ఎందుకంటే అది ఒక మనిషి మాట కాదు, పత్రిక మాట. సంపాదకుడే కూర్చుని రాస్తాడని చాలామంది అనుకుంటారు గానీ పెద్ద పత్రికల్లో దానికి వేరే రైటర్లుంటారు, ఏ వైపు నిలబడాలో ఎడిటర్ చెప్తాడు, చూసి ఓకే చేస్తాడు.

రెండోది విశేషణం. "నేను ఎడిటోరియల్ సైడ్ చేస్తాను" అని పేపర్ ఆఫీసులో ఎవరైనా అంటే సంపాదకీయాలు రాస్తున్నాడని కాదు, యాడ్స్‌లోనో సర్క్యులేషన్‌లోనో కాకుండా వార్తల విభాగంలో ఉన్నాడని. స్ట్రింగర్ (పార్ట్‌టైమ్ విలేకరి) పంపిన వార్త దిద్దే సబ్ ఎడిటర్ కూడా ఎడిటోరియల్ సైడే. ఎడిటోరియల్ బోర్డు, ఎడిటోరియల్ పాలసీ ఈ లెక్కలోకే వస్తాయి.

మూడోది ఎడిట్ పేజీ. సంపాదకీయం ఉండే పేజీ అన్నమాట. ఈ పేజీలో వచ్చిందంతా సంపాదకీయం అనుకోవడం నేను చూసిన అతి పెద్ద తప్పు. ఎడమ పక్కనో పైనో పేరు లేకుండా ఉండేది మాత్రమే సంపాదకీయం, మిగతావి బయటివాళ్ల వ్యాసాలు, పేరు పెట్టుకుని రాసే కాలమ్స్, పాఠకుల లేఖలు. ఎవరో ప్రొఫెసర్ రాసిన వ్యాసం చదివి "ఫలానా పత్రిక తన సంపాదకీయంలో ఇలా అంది" అని పరీక్షలో రాస్తే ఆ పత్రిక అనని మాట దాని నోట్లో పెట్టినట్టే. ఆప్-ఎడ్ అనేది కూడా ఇక్కడిదే. ఒపీనియన్ ఎడిటోరియల్‌కి షార్ట్‌కట్ అనుకుంటారు, కాదు, ఎడిటోరియల్ పేజీకి ఎదురు పేజీ అని దాని అర్థం. న్యూయార్క్ టైమ్స్ 1970 సెప్టెంబర్ 21న బయటివాళ్ల అభిప్రాయాలకి అలాంటి పేజీ మొదలుపెట్టింది, 2021లో వాళ్లే ఆ పేరు తీసేసి గెస్ట్ ఎస్సే అని మార్చుకున్నారు. మనవాళ్లు ఇంకా ఆప్-ఎడ్ అనే అంటున్నారు, పర్లేదు.

నాలుగోది ఫొటోలది. ఫొటోలు అమ్మే సైట్లలో కొన్నిటి కింద "ఎడిటోరియల్ యూజ్ ఓన్లీ" అని ఉంటుంది. వార్తకో వ్యాసానికో వాడుకోవచ్చు, మీ షాపు బ్యానర్ మీద, పాంప్లెట్ మీద వెయ్యకూడదని. ఫ్యాషన్ వాళ్లు ఎడిటోరియల్ షూట్ అన్నా, అమ్మకం కేటలాగ్‌కి కాకుండా మ్యాగజైన్ కథనం కోసం తీసిన ఫొటోలని.

ఇవి కాక అడ్వటోరియల్ ఒకటుంది, డబ్బులిచ్చి వార్తలా వేయించుకునే ప్రకటన. పేరు ప్రాస కుదిరింది కదా అని దీన్ని ఎడిటోరియల్ అనకండి.

ఇంకో మాట. సావనీర్‌లోనో కథల సంకలనంలోనో మొదట ఉండేది ముందుమాట, లేదా సంపాదకుడి మాట. "ఈ సంచికలో ఫలానావి ఉన్నాయి, సహకరించిన అందరికీ కృతజ్ఞతలు" అని రాసేది అదే. అదీ కావాల్సిందే, కానీ దాని పైన సంపాదకీయం అని హెడ్డింగ్ పెట్టకండి. మీ దగ్గరికి ఎవరైనా వచ్చి ఎడిటోరియల్ కావాలంటే ముందు అడగాల్సింది ఇదే: అభిప్రాయం కావాలా, ముందుమాట కావాలా? సగం మందికి ముందుమాటే కావాలి, అలాగైతే ఇక్కడితో ఆపేసి వెళ్లిపోవచ్చు.

2. రాయడానికి కూర్చోకముందు: ఎవర్ని, ఏం చెయ్యమంటున్నారు?

సంపాదకీయానికి వార్తకి తేడా అందరికీ తెలుసు, వ్యాసానికి సంపాదకీయానికి తేడా దగ్గరే తడబడతారు. వ్యాసం విషయాన్ని వివరించి ఆగిపోవచ్చు. సంపాదకీయం ఎవరో ఒకర్ని ఏదో ఒకటి చెయ్యమని అడగాలి, లేదా చేస్తున్నది ఆపమనాలి, లేదా చేసింది బాగుందని కారణంతో సహా చెప్పాలి.

అందుకే టాపిక్ అనుకోగానే చిత్తుకాగితం మీద ఈ మూడు రాసుకోండి.

- ఎవర్ని అడుగుతున్నాం? ("ప్రభుత్వం" అని రాస్తే కొట్టేయండి. మున్సిపల్ కమిషనరా, విద్యాశాఖా, మీ కాలేజీ ప్రిన్సిపాలా, అపార్ట్‌మెంట్ కమిటీనా?)
- ఏం చెయ్యమంటున్నాం? (ఒక్క పని. మూడు పనులంటే మూడు సంపాదకీయాలు.)
- ఎప్పటిలోగా, ఎందుకు ఇప్పుడే?

ఈ మూడూ కలిపి ఒక వాక్యం చెయ్యండి. దాన్ని మేం స్టాండ్ లైన్ అనేవాళ్లం. ఆ వాక్యం రాకపోతే టాపిక్ ఇంకా పండలేదు, వేరేది చూసుకోండి. పర్యావరణం, యువత, విలువలు లాంటి వాటి మీద స్టాండ్ లైన్ ఎప్పటికీ రాదు, ట్రై చేసి చూడండి.

ఉదాహరణకి సంక్రాంతి ముందు అందరూ రాసే చైనా మాంజానే తీసుకుందాం. "చైనా మాంజా ప్రమాదకరం" అన్నది స్టాండ్ కాదు, దాన్ని కాదనేవాడు ఎవడూ లేడు. "పోలీసులు మాంజా తనిఖీలు జనవరిలో దుకాణాల్లో కాకుండా అక్టోబర్ నుంచే గోదాముల్లో మొదలుపెట్టాలి" అన్నది స్టాండ్. దీన్ని ఒకడు ఒప్పుకోవచ్చు, ఇంకొకడు "స్టాఫ్ ఎక్కడున్నారండీ" అనొచ్చు. ఎదుటివాడు వాదించగలిగేలా ఉందంటే మీ దగ్గర చెప్పడానికి ఏదో ఉన్నట్టే.

ఇంకొకటి, మీ పత్రికలో ఇద్దరు ముగ్గురు ఉంటే ఈ ఒక్క వాక్యం ముందే అందరికీ చదివి వినిపించండి. పేరు లేకుండా అచ్చేస్తున్నామంటే అందరి తరఫునా మాట్లాడుతున్నట్టు, తర్వాత "నేను ఒప్పుకోలేదు" అని ఒకళ్లు లేస్తే బాగోదు.

3. ఫైల్ తయారు చేసుకోవడం (ఎక్కువ టైమ్ దీనికే)

అభిప్రాయమే కదా, ఫ్యాక్ట్స్ ఎందుకనుకుంటారు. ఒక్క అంకె తప్పైతే మిగతా నాలుగొందల మాటలూ గంగలో కలిసినట్టే.

నాకే జరిగింది. ఒక పత్రికలో ఉన్నప్పుడు, పేరెందుకులెండి, ఒక వంతెన గురించి "ఇంతవరకూ అడుగు కూడా ముందుకు పడలేదు" అని ఆవేశంగా రాసేశా. పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి "నాలుగో పేజీలో పడలేదన్నారు, జిల్లా ఎడిషన్ తొమ్మిదో పేజీలో టెండర్లు పిలిచారని వేశారు, మీ పేపర్ మీరే చదవరా బాబూ" అన్నాడు. అప్పట్నుంచి ఎంత లేటైనా మా సొంత వార్తలు వెనక్కి వెళ్లి చూడకుండా ఒక్క లైను రాయలేదు.

మాంజా టాపిక్‌కి నేనైతే ఫైల్‌లో ఇవి పెట్టుకుంటా:

- ఆర్డర్ ఎవరిది, ఎప్పటిది: జాతీయ హరిత ట్రైబ్యునల్, 2017 జూలై 11, దేశమంతటికీ. తయారీ, అమ్మకం, నిల్వ, కొనడం, వాడటం అన్నీ వస్తాయి.
- ఏమేం నిషేధం: నైలాన్, సింథటిక్ దారం ఒక్కటే అనుకుంటారు, గాజుపొడి పూసిన నూలు దారం కూడా అందులో ఉంది. ఈ సంగతి వదిలేసి "నూలు మాంజా వాడండి" అని సలహా ఇస్తే మనమే తప్పు చెప్పినట్టు.
- పేరు సంగతి: చైనా అన్నది జనం పెట్టుకున్న పేరు, ఆ సరుకు మన దేశంలోనూ తయారవుతుంది. కాబట్టి "పొరుగుదేశం కుట్ర" లాంటి వాక్యాలు వద్దు.
- శిక్ష: ఇక్కడే చాలామంది జారిపడతారు. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద అయిదేళ్ల జైలు, లక్ష జరిమానా అని పాత వార్తలన్నిట్లో ఉంటుంది, జన్ విశ్వాస్ చట్టం వచ్చాక 2024 ఏప్రిల్ నుంచి ఆ సెక్షన్ మారి 10 వేల నుంచి 15 లక్షల దాకా పెనాల్టీ అయింది. పాత క్లిప్పింగ్ చూసి కాపీ కొట్టినవాడు ఇప్పటికీ అయిదేళ్ల జైలనే రాస్తున్నాడు.
- ఎవరి వాదన ఏంటి: హైదరాబాద్‌లో మంగళ్‌హాట్, ధూల్‌పేట వైపు పతంగులు కట్టి బతికేవాళ్లు, దుకాణదారులు, పోలీసులు, పక్షుల్ని కాపాడేవాళ్లు, బండి మీద వెళ్తూ మెడ కోసుకున్నవాళ్ల కుటుంబాలు.

ఫైల్‌లో ప్రతి అంకె పక్కన ఎక్కడ దొరికిందో చిన్నగా రాసుకోండి. అచ్చులో వెయ్యక్కర్లేదు, రేపెవరైనా అడిగితే చూపించడానికి. ఫార్వర్డ్ మెసేజ్‌లో వచ్చిన అంకెని మూలం దొరికేదాకా పట్టించుకోవద్దు.

4. వరుస: ఏ పేరాలో ఏం రావాలి

400 నుంచి 450 మాటలు చాలు. అయిదు పేరాలు అనుకోండి, కొలత పెట్టి కొయ్యక్కర్లేదు, మూడో పేరా పెద్దదైతే కానీయండి.

మొదటి పేరాలో ఏం జరిగిందో, ఎందుకు ఇప్పుడు మాట్లాడుతున్నామో చెప్పి మన స్టాండ్ కూడా అక్కడే కనపడేలా చెయ్యాలి. చివర్లో ట్విస్ట్ ఇద్దామని దాచిపెడతారు కొందరు, చదివేవాడు అక్కడిదాకా రాడు.

రెండో పేరాలో నేపథ్యం. వార్త చదవనివాడికి అర్థమయ్యేంత, అంతకి మించి ఒక్క వాక్యం వద్దు. మాంజా గురించి రాస్తూ పతంగులు ఏ శతాబ్దంలో పుట్టాయో చెప్పడం మొదలుపెడితే అక్కడే కొట్టేయండి.

మూడో పేరా వాదన. మన కారణాల్లో బలమైనది ముందు పెట్టండి.

నాలుగో పేరాలో ఎదుటివాడి వాదన, అదీ వాడు చెప్పుకున్నంత బలంగా, వెంటనే దానికి మన జవాబు. కొత్తగా రాసేవాళ్లు తొంభైశాతం ఈ పేరా ఎగ్గొడతారు, నా లెక్కలో సంపాదకీయం బరువంతా ఇక్కడే ఉంది. "చిన్న దుకాణదారు సీజన్ ముందు అప్పు చేసి సరుకు తెచ్చుకుంటాడు, జనవరిలో పట్టుకుంటే మునిగేది వాడే, పైనున్న హోల్‌సేలర్ కాదు" అన్నది దుకాణదారు బాధ. దాన్ని దాటేయకుండా "అందుకే అక్టోబర్‌లో గోదాం దగ్గరే ఆపమంటున్నాం" అని కలిపితే వాడి బాధే మన వాదనకి బలం అయిపోయింది, చూశారా.

అయిదో పేరా: అడిగే పని, స్పష్టంగా. అయిపోయింది.

5. ఇంట్రో ఒకటి దగ్గరగా చూద్దాం

ఒక కుర్రాడు పంపిన ఇంట్రో, అంటే మొదటి పేరా, దాదాపు ఇలా ఉంది:

"పండుగలు మానవ జీవితంలో మధురానుభూతులు నింపుతాయనడంలో ఎటువంటి సందేహం లేదు. అయితే ఆ ఆనందం వెనుక విషాదం దాగి ఉండటం శోచనీయం. నేటి ఆధునిక యుగంలో చైనా మాంజా అనే మహమ్మారి విజృంభిస్తున్న నేపథ్యంలో సంబంధిత అధికారులు తగు చర్యలు తీసుకోవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉంది."

తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ మాంజా అన్న చోట గుట్కా పెట్టండి, డ్రగ్స్ పెట్టండి, పబ్జీ పెట్టండి, అన్నిటికీ సరిపోతుంది. ఏ తలకైనా సరిపోయే టోపీ అది. ఇద్దరం కూర్చుని ఇలా మార్చాం:

"నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017 జూలైలోనే దేశమంతటా నిషేధించింది. అయినా జనవరి మొదటి వారంలో అడిగితే కౌంటర్ కింద నుంచి దారం చుట్టిన చరఖా బయటకొస్తుంది. పోలీసు దాడులూ అదే వారంలో మొదలవుతాయి. సరుకు ఊళ్లో గోదాముల్లోకి దిగేది మాత్రం దసరా నాటికే. తనిఖీలు చేయాల్సింది అప్పుడు, అక్కడ."

మాటల లెక్క దాదాపు అంతే, ఇంకో నాలుగు ఎక్కువేనేమో, కానీ ఇప్పుడు తేదీ ఉంది, కౌంటర్ ఉంది, చరఖా ఉంది, అడుగుతున్న పని ఉంది. దసరా సంగతి కుర్రాడే ఒక దుకాణం దగ్గర కనుక్కుని వచ్చాడు, అది లేకపోతే ఈ పేరానే లేదు. మీరు రాస్తే మీ ఊళ్లో సరుకు ఎప్పుడు దిగుతుందో మీరే వెళ్లి అడగండి, దీన్ని ఎత్తి రాసేయకండి.

6. మేము, మనం, నేను

సంపాదకీయంలో "నేను" రాదు, అది కాలమ్‌కి. "మేము" అంటే పత్రిక, పాఠకుడు అందులో లేడు. "మనం" అంటే పాఠకుడూ ఉన్నాడు. "మనం నిషేధాన్ని పట్టించుకోవట్లేదు" అంటే చదివేవాడిని కూడా బోనులో నిలబెట్టినట్టు, అది కావాలనే చేస్తే సరే, పొరపాటున వద్దు. ఒక పేరాలో మేము, ఇంకో పేరాలో మనం వస్తే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలీదు. తేలిక దారి ఏంటంటే రెండూ లేకుండా రాయడం, తెలుగులో కర్త లేకుండానే వాక్యం హాయిగా నడుస్తుంది కదా.

మర్యాద కూడా చూసుకోండి. ఎంత తిట్టినా మంత్రి "అన్నారు", కమిషనర్ "చెప్పారు". "అన్నాడు" అని రాస్తే మీ కోపం కనిపిస్తుంది గానీ వాదన కనిపించదు. బూతుల దాకా ఎందుకు, "సిగ్గుచేటు" అన్న మాట కూడా ఏడాదికి ఒకసారి వాడుకోడానికి దాచుకోండి.

భాష సంగతి: మాట్లాడినట్టు రాయండి గానీ నేనిప్పుడు రాస్తున్నంత లూజుగా వద్దు. వాక్యానికి పది పన్నెండు మాటలు. సామెత ఒకటి చాలు, అదీ ఆ సందర్భానికే పుట్టినట్టుంటేనే.

7. తరచుగా జరిగే తప్పులు, వాటికి మందు

కింద పేరు, ఫొటో వేసుకోవడం. పేరు వెయ్యాలనిపిస్తే అది కాలమ్ చేసెయ్యండి, తప్పేం లేదు, సంపాదకీయం అన్న హెడ్డింగ్ తీసేస్తే సరి.

"తగు చర్యలు తీసుకోవాలి" తో ముగించడం. ఏ చర్యలో చెప్పండి, లేదా ఆ వాక్యం కొట్టేసి పైవాక్యంతో ఆపేయండి.

వార్త మొత్తం మళ్లీ చెప్పడం. మూడో వంతు దాటిందంటే కత్తిరించాలి.

రెండువైపులా సమానంగా తూచి "కాలమే నిర్ణయించాలి" అనడం. పేపర్ కొన్నవాడు కాలాన్ని అడగలేదు, మిమ్మల్ని అడిగాడు.

హెడ్డింగ్‌లో ప్రశ్నార్థకం, రెండు ఆశ్చర్యార్థకాలు. "ఎవరిది బాధ్యత?!" అనే హెడ్డింగ్ నేనే ఒక ఏడాదిలో నాలుగుసార్లు పెట్టి ఉంటా. "మాంజాకు గోదాం దగ్గరే ముడి" లాంటిది చూడండి, విషయం, స్టాండ్ రెండూ వస్తాయి.

యాడ్ ఇచ్చినవాడి గురించి రాయాల్సి వచ్చినప్పుడు మెత్తబడటం. దీనికి నా దగ్గర మందు లేదు. ఆ టాపిక్ మీద రాయలేకపోతే వదిలేయండి, పొగుడుతూ మాత్రం రాయకండి, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

8. చట్టం వైపు ఒక చూపు

అభిప్రాయం చెప్పే హక్కుంది, మనిషి పరువు తీసే ఆరోపణకి ఆధారం లేకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 ఉంది, పాత ఐపీసీ 499, 500 ల స్థానంలో వచ్చింది. పనిని విమర్శించండి, మనిషి గుణం జోలికి పోకండి, "లంచం తిన్నారు" అనే బదులు ఏసీబీ కేసు పెట్టిందా లేదా అన్నంతవరకే రాయండి. కోర్టు తీర్పుల మీద రాయొచ్చు, 1971 కోర్టు ధిక్కరణ చట్టం సెక్షన్ 5 ప్రకారం తుది తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డల మీద న్యాయమైన వ్యాఖ్య ధిక్కరణ కాదు. విచారణలో ఉన్న కేసులో ఎవరు దోషో మీరే తేల్చకండి.

పేరు లేదు కదా, ఎవరికి తెలుస్తుందిలే అనుకోవద్దు. రిజిస్టరైన పత్రికలో ఇంప్రింట్ లైన్‌లో (ప్రచురణ వివరాలుండే లైను) ఎడిటర్ పేరు ఉంటుంది, నోటీసు ఆ పేరు మీదే వస్తుంది. 1867 నాటి పాత చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్త పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం అమల్లో ఉంది. కొత్తగా పత్రిక పెట్టేవాళ్లు పాత పుస్తకాలు చూసి ఫారాలు నింపకండి.

9. ప్రూఫ్ ముందు చెక్‌లిస్ట్

ప్రింట్ తీసుకుని, స్క్రీన్ మీద కాదు, పెన్ను పట్టుకుని చూడండి:

- స్టాండ్ లైన్ మొదటి పేరాలో ఉందా?
- ఎవర్ని, ఏం చెయ్యమంటున్నామో చివరి పేరాలో ఒక వేలితో చూపించగలరా?
- ఎదుటివాడి వాదన వచ్చిందా?
- ప్రతి అంకె, తేదీ, పేరు ఫైల్‌తో టిక్ పెట్టుకున్నారా?
- చట్టం ఇప్పుడున్నదేనా, పాతదా?
- ఇదే సంచికలో వేరే పేజీలో దీనికి ఎదురుగా ఏమైనా ఉందా?
- మేము, మనం కలిసిపోయాయా?
- టాపిక్ పేరు మార్చినా సరిపోయే వాక్యాలు కొట్టేశారా?
- పైకి చదివారా? ఊపిరాడని చోట వాక్యం విరగ్గొట్టండి.

పేజీ పెట్టేటప్పుడు చోటు తక్కువైందని పేజినేషన్ వాళ్లు కింద నుంచి కోసేస్తారు, వాళ్లకి అదే అలవాటు. వార్తలో చివరి పేరా పోయినా నష్టం లేదు, ఇక్కడ మీరు అడిగే పనే చివర్లో ఉంటుంది. అందుకే కొయ్యాల్సి వస్తే రెండో పేరా కొయ్యమని ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇవ్వండి.

10. అచ్చయ్యాక

తప్పు దొర్లిందని తెలిస్తే తర్వాతి సంచికలో అదే పేజీలో సవరణ వెయ్యండి, లోపలెక్కడో చిన్నక్షరాల్లో కాదు. ఎవరైనా వ్యతిరేకంగా ఉత్తరం రాస్తే, మర్యాదగా ఉంటే, దాన్ని లేఖల్లో వేసుకోండి, కింద మీ జవాబు తగిలించకుండా. మీ మాట మీరు ముందే చెప్పేశారు.

ఫైల్ పారేయకండి. వచ్చే అక్టోబర్‌లో తీసి, తనిఖీలు జరిగాయో లేదో స్టేషన్‌కి ఫోన్ చేసి అడగండి. జరగకపోతే రెండో సంపాదకీయానికి సరుకు అక్కడే ఉంది.